బాక్ సంగీతం పాడే టెనర్ గొంతులో విమర్శకులకు నచ్చేది ఏమిటి?

ఇంగ్లీషు టెనర్ (పై స్థాయి మగ గొంతు) గాయకుడు మార్క్ ప్యాడ్‌మోర్‌ను విమర్శకులు అంతగా మెచ్చుకుంటారు కదా, ఆపెరా టెనర్ పవరొట్టిని విన్న చెవికి ఆయన గొంతు పలచగా ఉందేమిటని అడిగారు. నేను చర్చి గాయక బృందంలో చాలాకాలంగా టెనర్ పాడుతున్నాను. నాకు తెలిసినంతలో చెబుతాను.

ఆ మెప్పు గొంతు పరిమాణానికి కాదు, కథ చెప్పే తీరుకు. యేసు శ్రమలను, మరణాన్ని పాటగా చెప్పే బాక్ కృతి సెయింట్ మాథ్యూ ప్యాషన్‌లో ప్రధాన టెనర్ పాత్ర సువార్తికుడిది, అంటే కథకుడిది. మత్తయి సువార్త 26, 27 అధ్యాయాల కథనాన్ని అతడే నడిపించాలి. అక్కడ తాళం పట్టు ఉండదు, మాట నడకే లయ. వెనక చెల్లో, ఆర్గాన్ వంటి ఒకటి రెండు వాద్యాలే ఉంటాయి. యేసు మాట్లాడినప్పుడల్లా తీగవాద్యాలు ఆ మాటలను చుట్టుకుని ఉంటాయి. సిలువ మీద ఆయన "ఏలీ, ఏలీ" (నా దేవా, నా దేవా) అన్నచోట అవీ ఆగిపోతాయి. సువార్తికుడికి మొదటినుంచీ ఆ ఆసరా లేదు.

యేసు ఎవరో తనకు తెలియదని చెప్పిన శిష్యుడు పేతురు బయటికి వెళ్లి ఏడ్చిన ఘట్టాన్ని నేను సాధన చేశాను. "ఏడ్చెను" అన్న మాట మీద స్వరం ఒక్కసారిగా పైకి లేస్తుంది. దాన్ని అందుకోవడం కన్నా, అందుకున్నాక చాటుకోకుండా ఉండటమే కష్టం. ప్యాడ్‌మోర్ గొప్పతనం నాకు అక్కడే అర్థమైంది. పై స్వరాలను ఆయన బలంతో కొట్టరు, మెత్తగా తాకుతారు. మనం గాయకుణ్ణి మరిచిపోయి పేతురును చూస్తాం. ఆ వెంటనే వయొలిన్‌తో ఆల్టో (కింది స్థాయి ఆడ గొంతు) ఆరియా, అంటే ఒంటరి గొంతు పాట, మొదలవుతుంది, ఏడుపు అందులోకి ప్రవహిస్తుంది. ఈ కృతి మొత్తంలో నాకు అంతకు మించిన చోటు లేదు.

బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో సైమన్ రాటిల్ నిర్వహణలో, పీటర్ సెల్లర్స్ దర్శకత్వంలో 2010లో చేసిన ఈ కృతి ప్రదర్శన వీడియో తప్పక చూడండి, అందులో సువార్తికుడు ప్యాడ్‌మోరే. యేసు మాటలు పాడే క్రిస్టియన్ గెరాహర్ దూరంగా నిలబడతారు. యేసు పడే బాధ సువార్తికుడి ఒంటి మీద కనిపిస్తుంది.

ఈ మాటల పట్టు ప్యాడ్‌మోర్‌కు ఊరికే రాలేదు. కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ గాయక బృందంలో పాడారు, తర్వాత విలియం క్రిస్టీ బృందంతో రామో వంటి ఫ్రెంచి బరోక్ (బాక్ కాలపు శైలి) స్వరకర్తల ఆపెరాలు పాడారు. ఆ ఆపెరాలకు మాట్లాడినట్టు సాగే పాటే వెన్నెముక.

ఆరియాలలో మాత్రం కొన్నిచోట్ల గొంతు పలచబడుతుంది, ఆ మాట మీతో నేనూ అంటాను. తీపి గొంతే కావాలంటే హార్నన్‌కోర్ట్ నిర్వహణలో 1970లో చేసిన ఇదే కృతి రికార్డింగులో సువార్తికుడిగా పాడిన కుర్ట్ ఎక్విలుజ్‌ను వినండి.

ప్యాడ్‌మోర్‌ను మళ్లీ వినేటప్పుడు ఆరియాలతో మొదలుపెట్టకండి. తెలుగు బైబిల్లో మత్తయి 26వ అధ్యాయం తెరిచి, 69 నుంచి 75 వరకు వచనాల మీద వేలు పెట్టుకుని వినండి. జర్మన్ రాకపోయినా ఏ వచనం ఎక్కడ నడుస్తోందో ఆయన గొంతే చెబుతుంది.