కండర కణత్వచపు ద్రవత్వాన్ని కొలవబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

కండర కణాలకు పామిటిక్ అనే సంతృప్త, ఓలియిక్ అనే అసంతృప్త కొవ్వు ఆమ్లాలను విడివిడిగా అందించి, త్వచపు (కణాన్ని చుట్టి ఉండే కొవ్వు పొర) ద్రవత్వంలో, అంటే అది ఎంత సడలుగా ఉందన్న దానిలో, తేడాను కొలుస్తానని రాశావు. ఆలోచన మంచిదే. అయితే నీవు ఇచ్చిన కొవ్వు త్వచంలోకి చేరిందా, నీవు కొలిచింది ఆ త్వచాన్నేనా అన్నవి తేలేదాకా ఏ నిర్ణయానికీ రావద్దు.

పామిటిక్ ఆమ్లం సుమారు 63 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది, ఓలియిక్ 13 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. సంతృప్త గొలుసులు నిటారుగా ఒకదానినొకటి ఆనుకుని సర్దుకుంటే, ఓలియిక్‌లోని సిస్ ద్విబంధం గొలుసును వంచి ఆ సర్దుబాటును చెడగొడుతుంది. ఇంతవరకే చూసి, పామిటిక్ ఇస్తే త్వచం గట్టిపడి తీరుతుందని చాలామంది ముందే తీర్మానించుకుంటారు. కానీ కణం చేతులు ముడుచుకుని కూర్చోదు. గొలుసులో ద్విబంధం పెట్టే డెసాచురేజ్ ఎంజైముతో పామిటిక్‌ను పామిటోలియిక్‌గా మార్చగలదు, మిగులును ట్రైగ్లిజరైడ్లుగా బిందువుల్లో దాచగలదు, కొలెస్టరాల్ పాళ్లను సవరించుకోగలదు. అందువల్ల త్వచాన్ని కట్టే కొవ్వులైన ఫాస్ఫోలిపిడ్లను వేరుచేసి, వాటిలో ఏ కొవ్వు ఆమ్లాలు ఎంతెంత ఉన్నాయో గ్యాస్ క్రొమటోగ్రఫీతో తప్పక చూడు.

ఇక ప్రోబ్ సంగతి, అంటే త్వచంలో చేరి వెలుగునిచ్చే డిపిహెచ్ వంటి కొలత అణువు సంగతి. డిపిహెచ్‌తో ఫ్లోరెసెన్స్ అనైసోట్రోపీ (ప్రోబ్ కదలికకు ఎంత అడ్డు ఉందో చెప్పే కొలత; చుట్టూ ద్రవత్వం పెరిగితే ఇది తగ్గుతుంది) కొలవడం సులువే గాని, ఆ అణువు బయటి త్వచంతో ఆగక లోపలి పొరల్లోకి, కొవ్వు బిందువుల్లోకి కూడా పోతుంది. ఓలియిక్ ఇచ్చిన కణాల్లో ఈ బిందువులు బాగా పెరుగుతాయి కనుక, అనైసోట్రోపీ తగ్గితే అది త్వచం వల్లనో బిందువుల వల్లనో చెప్పలేవు. పైగా కండర కణం లోపల కాల్షియాన్ని నిల్వచేసే సార్కోప్లాస్మిక్ రెటిక్యులమ్ పొర చాలా విస్తారమైనది. బయటి త్వచంతో పోలిస్తే అందులో కొలెస్టరాల్ బహు తక్కువ, కాల్షియం పంపు పనిచేసేది అక్కడే. ఈ రెంటినీ కలిపి తీసిన సగటు దేనినీ సరిగా చెప్పదు. డిపిహెచ్‌కు ధనావేశమున్న రూపమైన టిఎంఎ-డిపిహెచ్ కొంతసేపు బయటి త్వచంలోనే నిలుస్తుంది. నా మొగ్గు మాత్రం లార్డాన్ అనే మరో ప్రోబ్ వైపే. దాని వెలుగును 440, 490 నానోమీటర్ల వద్ద సూక్ష్మదర్శినిలో పోల్చితే, ఏ పొర ఎంత బిగువుగా ఉందో విడిగా కనబడుతుంది.

కొవ్వు ఆమ్లాలను రక్తంలోని ప్రోటీన్ అయిన ఆల్బుమిన్‌తో బంధించే ఇవ్వు. ఆల్బుమిన్, ద్రావణి మాత్రమే అందుకున్న కణాలను పోలిక కోసం పక్కనే ఉంచు. ఉష్ణోగ్రత 37 డిగ్రీల నుంచి కదలకూడదు.

చివరిగా, పామిటిక్ వల్ల ఇన్సులిన్ స్పందన మందగిస్తే దానిని ద్రవత్వం ఖాతాలో వెంటనే వేయకు. పామిటిక్ నుంచి సెరమైడ్, డైఅసైల్‌గ్లిసరాల్ అనే కొవ్వులు కూడా తయారవుతాయి, అవి ఇన్సులిన్ సంకేతాలను నేరుగా అడ్డుకోగలవు. వాటిని కూడా కొలిచాక, క్రొమటోగ్రఫీ ఫలితాలతో కలిపి నాకు పంపు.