టెక్ సందేహాలు: సెక్టర్ లెక్క పుట్టికా, క్వింటాకా?

ప్రశ్న: ఫైనలియర్ ప్రాజెక్టు కోసం లైనక్స్‌లో స్టోరేజ్ ప్రోగ్రామ్ రాస్తున్నాం. ఓ-డైరెక్ట్ పెట్టి, క్యాష్ జోలికి పోకుండా డిస్కు నుంచి నేరుగా చదువుతున్నాం. నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది. ల్యాబ్ సర్వర్లో మాత్రం 'ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్' అని ఆగిపోతోంది. డిస్కు పోయిందా సార్? కెర్నల్ (లైనక్స్ మూలభాగం)లో కలిసే మాడ్యూల్ కూడా రాశాం. అదేమో కొన్ని బ్లాకులకు ఎర్రర్ ఇస్తోంది, కొన్నిటికి వేరే డేటా తెస్తోంది.
– బీటెక్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: డిస్కు నిక్షేపంగా ఉంది. అది పోయుంటే 'ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్' వచ్చేది. మీ రీడ్ డిస్కు దాకా పోనేలేదు, కెర్నల్ గుమ్మంలోనే తిప్పి పంపేసింది. మీరు పంపిన కోడ్‌లో ఎక్కడ చూసినా 512 బైట్ల సైజే కనిపిస్తోంది. గొడవంతా దానిదే.

ఓ-డైరెక్ట్ పెట్టినప్పుడు బఫర్ (డేటా దింపుకునే మెమరీ) అడ్రస్, ఫైల్లో చదివే చోటు, చదివే పొడవు మూడూ లాజికల్ బ్లాక్ సైజుతో, అంటే డిస్కు తన సెక్టర్ (కనీస ముక్క) ఎన్ని బైట్లని చెబుతుందో దానితో, శేషం లేకుండా పోవాలి. 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే' కమాండుకు మైనస్ టీ తగిలించి రెండు మెషిన్లలోనూ కొట్టండి. 'లాగ్-సెక్' కాలమ్‌లో ల్యాప్‌టాప్‌కు 512, సర్వర్‌కు 4096 కనిపిస్తుందని నా అంచనా. పక్కనున్న 'ఫై-సెక్' రెండింటికీ 4096 ఉన్నా కంగారు పడొద్దు. అది డిస్కు లోపలి అసలు ముక్క సైజు, వేగానికి సంబంధించింది, ఈ ఎర్రర్‌కు కాదు.

కాబట్టి సైజు కోడ్‌లో రాసేయకుండా డిస్కునే అడిగి తెచ్చుకోండి. బఫర్‌కు మాలాక్ (మెమరీ అడిగే మామూలు ఫంక్షన్) పనికిరాదు, 64 బిట్ మెషిన్లలో అది 16 బైట్ల అలైన్‌మెంట్‌కే, అంటే అడ్రస్ 16తో భాగారం పోవడానికే, హామీ ఇస్తుంది. పోసిక్స్ మెమ్‌అలైన్ వాడండి. ఫైల్ చివరి ముక్క 4096కు సరిపోకపోతే సున్నాలతో నింపి రాసి, తర్వాత ఎఫ్‌ట్రంకేట్‌తో అసలు పొడవుకు కత్తిరించండి. ఈ ఆఖరి పని మర్చిపోయి, ఫైల్ ఎందుకు పెరిగిందా అని నేనొకసారి రాత్రంతా కూర్చున్నాను.

ఇక మాడ్యూల్ సంగతి. నెల్లూరు జిల్లాలో ధాన్యం ధర పుట్టికి చెబుతారు, పుట్టంటే 850 కిలోలు. బయటినుంచి వచ్చినాయన దాన్ని క్వింటా ధర అనుకుంటే ఎనిమిదిన్నర రెట్లు తేడా. మీది సరిగ్గా ఎనిమిది రెట్లు. డిస్కు సెక్టర్ 4096 అయినా సరే, లైనక్స్ బ్లాక్ లేయర్ (కెర్నల్‌లో డిస్కు పనులు చూసే భాగం) సెక్టర్ నంబరును ఎప్పుడూ 512 లెక్కనే చూస్తుంది. మీరు 4096 లెక్కన బ్లాక్ నంబర్ ఇస్తున్నారు. 8వ బ్లాకు అడిగితే 1వది వస్తుంది, 16 అడిగితే 2వది. 8తో భాగారం పోని నంబర్లయితే ఆ డిస్కు మీద అలైన్‌మెంట్ కుదరక ఎర్రర్‌తో తిరిగొస్తాయి. మీకు అప్పుడప్పుడూ వస్తున్నట్టు అనిపించేది అందుకే. సున్నా బ్లాకు మాత్రం ఎప్పుడూ సరిగ్గానే వచ్చి మోసం చేస్తుంది. దానితో టెస్ట్ చేసి 'పనిచేస్తోంది' అని రికార్డులో రాసేసి ఉంటారు!

ఖాళీ డిస్కు మీద ప్రతి 4096 బైట్ల బ్లాకులో దాని నంబరే మామూలు ప్రోగ్రామ్‌తో రాసి, మాడ్యూల్‌తో తిరిగి చదవండి. అడిగిందానికీ వచ్చిందానికీ నిష్పత్తి 8 అయితే ఇంకెక్కడా వెతకొద్దు. సర్వర్ ఖాళీ లేకపోతే ల్యాప్‌టాప్‌లోనే లాస్‌సెటప్‌కు సెక్టర్ సైజు 4096 అని చెప్పి లూప్ డిస్కు (ఫైలునే డిస్కులా చూపించేది) చేసుకోవచ్చు.

ప్రశ్న: ఎక్స్‌పీ కాలం నాటి హార్డ్ డిస్కును ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేశాను. అనుకున్నంత వేగం లేదు.
– కందుకూరు పాఠకుడు

జవాబు: ఎక్స్‌పీ మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టర్ దగ్గర మొదలుపెట్టేది. 63 × 512 = 32,256. దాన్ని 4096తో భాగిస్తే 7.875. క్లోన్‌లో అదే వంకర వచ్చుంటే ప్రతి 4096 బైట్ల రాత రెండు బ్లాకుల మీద కాలు పెడుతుంది. విస్టా నుంచి మొదలు 2048వ సెక్టర్. బ్యాకప్ తీసుకుని కొత్తగా పార్టిషన్ చేయండి.

ప్రశ్న: పెళ్లి ఆల్బమ్‌లున్న 3 టీబీ డిస్కు. యూఎస్‌బీ డబ్బా పోర్ట్ విరిగింది. డిస్కు బయటికి తీసి కంప్యూటర్‌కు నేరుగా తగిలిస్తే ఫార్మాట్ చేయమంటోంది.
– ఫొటో స్టూడియో, నెల్లూరు

జవాబు: చేయకండి. పాత ఎంబీఆర్ పార్టిషన్ పట్టికలో సెక్టర్ నంబరుకు 32 బిట్లే. 512 లెక్కన 2.2 టీబీ దాటదు. అందుకే కొన్ని డబ్బాల్లోని చిప్ డిస్కు సెక్టర్‌ను 4096గా చూపించి నెట్టుకొచ్చేది. డబ్బా పోయాక కంప్యూటర్ ఆ నంబర్లనే 512 లెక్కన చదివి, ఎనిమిదో వంతు దూరంలో వెతుకుతోంది. మీదీ అదే కేసు అనిపిస్తోంది. ఫొటోలు అక్కడే ఉంటాయి. అదే మోడల్ డబ్బా ఇంకోటి సంపాదించండి, లేదా పాతదాని పోర్ట్ టంకం పెట్టించండి. ఫొటోలు వేరే డిస్కులోకి ఎక్కేదాకా ఆ విరిగిన డబ్బాను పారేయొద్దు.