షేర్ ఉన్నవాళ్లు, బుకింగ్ కట్టినవాళ్లు: ఎలక్ట్రిక్ క్రాసోవర్ల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో ఎలక్ట్రిక్ క్రాసోవర్ల (మామూలు కారు కంటే కాస్త ఎత్తుగా, ఎస్‌యూవీలా కనిపించే కార్ల) గురించి రాశాక చాలా ప్రశ్నలు వచ్చాయి. కారు కొందామనుకునేవాళ్లు కొందరు, ఆ కార్ల కంపెనీల షేర్లు పట్టుకుని కూర్చున్నవాళ్లు కొందరు, రెండూ చేసినవాళ్లు ఇంకొందరు. జవాబుల్లో టెస్లా మోడల్ వై పేరు ఎక్కువ వస్తుంది, ఎందుకంటే దాన్ని చూపించిన రోజు నుంచి లెక్కలన్నీ బయటే ఉన్నాయి. షేర్ ధరలు ఎక్కడ రాసినా ఆ రోజు నడిచినవే రాశా, తర్వాత 2020లో ఒకసారి, 2022లో ఒకసారి టెస్లా షేర్ స్ప్లిట్ అయింది, అంటే ఒక్కో షేర్‌ని తక్కువ ధర ఉన్న ఎక్కువ షేర్లుగా విడగొట్టారు, కాబట్టి ఇప్పుడు చార్ట్ తెరిస్తే వేరే అంకెలు కనిపిస్తాయి, కంగారు పడకండి.

ప్రశ్న: కొత్త కారు చూపిస్తే షేర్ పెరగాలి కదండీ. మోడల్ వై చూపించిన మర్నాడే టెస్లా షేర్ పడిందని చదివాను. అంటే కారు నచ్చలేదనేగా?

జవాబు: కాదండి. 2019 మార్చి 14 రాత్రి కాలిఫోర్నియా హాథోర్న్‌లో కంపెనీ డిజైన్ స్టూడియోలో కారు చూపించారు. మర్నాడు షేర్ 290 డాలర్ల దగ్గర్నుంచి 275కి వచ్చింది, దాదాపు 5 శాతం. ఆ రాత్రి ఎలన్ మస్క్ స్టేజి మీద చాలాసేపు పాత కార్ల కథే చెప్పాడు, తొలి కారు రోడ్‌స్టర్ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చి చివర్లో వైని పిలిచాడు. అది చూస్తే అప్పటికే అమ్ముతున్న సెడాన్ మోడల్ 3నే కాస్త ఎత్తు పెంచినట్టుంది. నిజంగానే పార్ట్స్‌లో నాలుగింట మూడొంతులు 3వే. లాంగ్ రేంజ్ 47,000 డాలర్లు, డ్యూయల్ మోటర్ 51,000, పర్ఫార్మెన్స్ 60,000, డెలివరీ మాత్రం 2020 చివరికి, అందరూ ఎదురుచూసిన 39,000 డాలర్ల కారు ఇంకా లేటుగా 2021లో అన్నారు.

ఇక్కడ షేర్ ఉన్నవాడి లెక్క వేరు. క్రాసోవర్ వస్తుందని వాడికి ఎప్పట్నుంచో తెలుసు, ఆ ఆశ ధరలో ముందే కలిసిపోయింది, కాబట్టి ఆ రాత్రి వాడు కొత్తగా విన్నది ఏంటంటే దీనికి డబ్బు రావాలంటే ఏడాదిన్నర ఆగాలి, ఈలోపు మోడల్ 3 కొందామనుకున్న ఫ్యామిలీ ‘కాస్త ఆగితే పెద్దది వస్తుందిగా’ అని ఆగిపోవచ్చు. పైగా అప్పుడు కంపెనీ పరిస్థితి అంత బాగాలేదు. ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లకి అమెరికా ప్రభుత్వం అప్పట్లో ఇచ్చిన 7,500 డాలర్ల ట్యాక్స్ క్రెడిట్, అంటే పన్నులో తగ్గింపు, టెస్లాకి ఆ జనవరి నుంచే సగమైంది, రెండు వారాల ముందు షోరూములు మూసేస్తామని చెప్పి మళ్లీ చాలావరకు వెనక్కి తగ్గారు. ఆ క్వార్టర్‌లో, అంటే ఆ మూడు నెలల్లో, 70 కోట్ల డాలర్లకి పైగా నష్టం తేలింది, జూన్ మొదట్లో షేర్ 179కి దిగింది.

అసలు గమ్మత్తు అక్టోబర్‌లో జరిగింది. లాభం చూపించి, మోడల్ వై అనుకున్నదానికంటే ముందే, 2020 వేసవికల్లా వస్తుందని చెప్పారు, మర్నాడు షేర్ ఒక్కరోజులో 17 శాతం లేచింది. మార్చి నుంచి అక్టోబర్‌లోపు కారులో జనానికి కనిపించేలా ఏ మార్పూ లేదు. అదే కారు, అదే బాడీ. మారింది కంపెనీ లెక్క, కారు వచ్చే తారీఖు. నిజానికి మొదటి కార్లు 2020 మార్చిలోనే చేతికొచ్చాయి. మార్చిలో ఇన్వెస్టర్లకి చప్పగా అనిపించిన విషయం, అదే మోడల్ 3 పార్ట్స్ వాడటం, దానివల్లే ఇంత తొందరగా తయారీ లైన్ మీదకి వచ్చింది. దానికి ముందు వచ్చిన మోడల్ ఎక్స్‌కి పైకి లేచే రెక్కల డోర్లు పెట్టి కంపెనీ ఎంత ఇబ్బంది పడిందో అందరూ చూశారు. వైలో అలాంటి సాహసాలు బయటికి కనిపించేలా పెట్టలేదు, లోపల పెట్టారు: వెనక అండర్‌బాడీలో, అంటే కారు కింది భాగంలో, 70 దాకా ముక్కలు అతికించే పనికి బదులు పెద్ద అల్యూమినియం ముక్కల్నే అచ్చుపోశారు. స్టేజి మీద అది ఎవరికీ కనిపించదు కదా. 2023లో ఆ కారు 12 లక్షలకి పైగా అమ్ముడై ప్రపంచంలోనే ఎక్కువ అమ్ముడైన కారు అయింది. అందుకే కారు చూపించిన మర్నాటి షేర్ ధరని కారుకి మార్కులు వేసినట్టు చదవొద్దని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: బుకింగులు లక్షల్లో వచ్చాయి అంటే డిమాండ్ ఉన్నట్టే కదా సార్? షేర్ కొనడానికి అంతకన్నా గుర్తు ఏం కావాలి?

జవాబు: బుకింగ్ అంటే ఆసక్తి ఉందని గుర్తు, అంతవరకే. మోడల్ 3 సంగతి చూడండి. 2016 మార్చి 31న కారు చూడకముందే జనం షోరూముల బయట లైన్లు కట్టారు, 1,000 డాలర్లు, వద్దనుకుంటే తిరిగిచ్చేస్తారు, వారంలో 3,25,000 బుకింగులు. ఎవరు చూసినా హిట్టే అంటారు. కానీ 2017 మూడో క్వార్టర్‌లో తయారైన మోడల్ 3లు ఎన్నో తెలుసా, 260. వారానికి 5,000 చేస్తామన్న మాట 2018 జూన్ ఆఖరుకి గానీ నిలబెట్టుకోలేకపోయారు. బుకింగ్ కట్టినవాళ్లకి ఓపిక పోయింది, షేర్ ఉన్నవాళ్లకి నిద్ర పోయింది. మోడల్ వైకి అడ్వాన్స్ 2,500 డాలర్లకి పెంచారు, ఎన్ని బుకింగులొచ్చాయో మాత్రం కంపెనీ అప్పట్లా గొప్పగా చెప్పుకోలేదు. దాన్ని చాలామంది చెడ్డ గుర్తు అనుకున్నారు, తర్వాత అమ్మకాలు చూస్తే ఆ భయం తప్పని తేలింది. కాబట్టి నన్నడిగితే బుకింగ్ అంకె పక్కన పెట్టేసి ప్రతి క్వార్టర్‌కీ వచ్చే రెండు అంకెలు పట్టుకోండి, ఎన్ని తయారయ్యాయి, ఎన్ని డెలివరీ అయ్యాయి. రెండింటి మధ్య తేడా పెరుగుతూ పోతుంటే ఎందుకో అడగండి.

ప్రశ్న: నేను షేర్లు అవీ పట్టించుకోను, కారు కొనేదాన్ని అంతే. మా ఆయన మాత్రం ఆ కంపెనీ షేర్ పడిపోతోంది, కారు కొనొద్దు అంటున్నారు. ఆయన మాట వినాలా?

జవాబు: సగం వినాలండి. షేర్ ఒక వారం పడింది, ఒక నెల పడింది అంటే మీ కారుకి ఏమీ కాదు, పైన చెప్పిన 2019 కథ అదే, అప్పుడు భయపడి ఆగినవాళ్లు మంచి కారు మిస్సయ్యారు. కానీ కంపెనీ దగ్గర డబ్బులు అయిపోతున్నాయి అంటే అది వేరే సంగతి, అది నేరుగా మీ కారుకే తగులుతుంది. ఫిస్కర్ ఓషన్ అని ఒక ఎలక్ట్రిక్ క్రాసోవర్ వచ్చింది. చూడ్డానికి చాలా అందంగా ఉండేది, ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో, వేరే కంపెనీలకి కార్లు చేసిపెట్టే మాగ్నా వాళ్ల ఫ్యాక్టరీలో చేయించారు. 2021లో ఆ షేర్ 20 డాలర్ల పైన తిరిగింది. 2023లో కంపెనీ దాదాపు 10,200 కార్లు తయారుచేసి 4,900 మాత్రమే డెలివరీ ఇవ్వగలిగింది. నేను పైన చెప్పిన తేడా ఇదే, సగం కార్లు కస్టమర్ దాకా రానే లేదు. 2024 ఫిబ్రవరి ఆఖర్లో మేం నడవగలమో లేదో అనుమానమే అని కంపెనీయే చెప్పింది, మార్చిలో ధర 24,000 డాలర్ల దాకా కోసేసింది, షేర్ సెంట్లలోకి పడిపోయింది, జూన్‌లో ఐపీ పెట్టేసింది. కారు ఉన్నవాళ్ల గతేంటి? సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఎవరిస్తారు, డోర్ హ్యాండిల్ పోతే పార్ట్ ఎక్కడ దొరుకుతుంది, వారంటీ ఎవరిది, అన్నీ ప్రశ్నలే. చివరికి ఓనర్లే ఒక సంఘం పెట్టుకుని పార్ట్స్, సాఫ్ట్‌వేర్ చూసుకోవాల్సి వచ్చింది. వీళ్లలో చాలామంది ఒక్క షేర్ కూడా కొన్నవాళ్లు కాదు, కారు నచ్చి కొనుక్కున్న మామూలు కుటుంబాలు, ఇది తల్చుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

పాత పెట్రోల్ కారుకి కంపెనీ మూతపడినా మెకానిక్ ఎలాగోలా నడిపిస్తాడు, ఈ కార్లలో డోర్ తెరవడం దగ్గర్నుంచి చార్జింగ్ దాకా సాఫ్ట్‌వేర్ మీదే ఉంటుంది కాబట్టి కంపెనీ బతికుండటం కూడా కారులో ఒక భాగమే. అందుకని కొత్త చిన్న కంపెనీ కారైతే డబ్బు కట్టేముందు ఒక్కసారి మీ ఆయనతో కూర్చుని ఆ కంపెనీ చివరి క్వార్టర్ రిజల్ట్స్ తెరవండి. చేతిలో క్యాష్ ఎంత, క్వార్టర్‌కి ఎంత కరిగిపోతోంది, ఆ లెక్కన ఎన్నాళ్లు వస్తుంది. ఏడాది కూడా రాదు అనిపిస్తే ఆగండి. పెద్ద పాత కంపెనీ అయితే ఈ పని అక్కర్లేదు, టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లండి.

ప్రశ్న: క్రాసోవర్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి రేంజ్ బాగా తగ్గుతుందంటారు, నిజమేనా?

జవాబు: రేంజ్ అంటే ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం. తగ్గుతుంది, ఎత్తు గాలితో పోట్లాడుతుంది, బరువు లాగడానికి ఎక్కువ చార్జ్ ఖర్చవుతుంది. కానీ కారు చూపించిన రోజు చెప్పే రేంజ్ అంచనా మాత్రమే. మోడల్ వై డ్యూయల్ మోటర్‌కి 2019లో 280 మైళ్లన్నారు, 2020 జనవరికి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కతో అది 315 అయింది. పైగా టెస్లా కార్లలో మొదటిసారి హీట్ పంప్, అంటే బయటి గాలిలోంచి వేడి లాగి కారు లోపలికి ఇచ్చేది, ఇందులోనే పెట్టారు, చలికాలంలో హీటర్ బ్యాటరీని తినేయడం దానివల్ల తగ్గుతుంది. మంచు పడే చోట ఉండేవాళ్లు మిగతా ఫీచర్ల కంటే ముందు ఇది ఉందో లేదో అడగండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ క్రాసోవర్ తీసుకున్నా, కంపెనీ పేరు రాయట్లేదు. నెల తిరక్కుండానే రేటు భారీగా తగ్గించేశారు. అడిగితే ఏం చేయలేం అన్నారు. అదే వారం వాళ్ల షేర్ పెరిగింది. కస్టమర్ నష్టపోతే షేర్‌హోల్డర్‌కి పండగా? కడుపు మండిపోతోంది.

జవాబు: మీ కోపం న్యాయమైనదే. ఇది మీ ఒక్కరికే జరగలేదు. 2023 జనవరిలో అమెరికాలో మోడల్ వై లాంగ్ రేంజ్ 65,990 నుంచి రాత్రికి రాత్రి 52,990 అయింది, 13,000 డాలర్ల తేడా. అంతకు వారం ముందు చైనాలో తగ్గిస్తే, మూడు నెలల్లో అది రెండోసారి, అప్పుడే కారు తీసుకున్నవాళ్లు షోరూములకి వచ్చి గొడవ చేశారు, కంపెనీ మాత్రం పాత కస్టమర్లకి పరిహారం ఇవ్వనంది. షేర్ ఆ నెల మొదట్లో 108 దగ్గరుంటే నెలాఖరుకి 170 దాటింది. ఎందుకంటే ఆర్డర్లు పడిపోతున్నాయేమో అని భయపడుతున్న ఇన్వెస్టర్లకి రేటు తగ్గడంతో జనం మళ్లీ వస్తున్నారన్న కబురు ఊరటనిచ్చింది.

అయితే ఆ పండగ ఎక్కువ రోజులు లేదు. ఏప్రిల్‌లో లెక్కలొచ్చాయి, ఏడాది ముందు 29.1 శాతం ఉన్న గ్రాస్ మార్జిన్, అంటే అమ్మకాల్లో తయారీ ఖర్చు పోగా మిగిలేది, 19.3కి జారింది, మర్నాడు షేర్ దాదాపు 10 శాతం పడింది. మీ జేబులోంచి పోయింది మొదటిరోజే, వాళ్ల జేబులోంచి పోయింది మూడు నెలలకి. అద్దెకార్ల కంపెనీ హెర్ట్జ్ కూడా 2024 జనవరిలో 20,000 ఎలక్ట్రిక్ కార్లు అమ్మేస్తున్నామని చెప్పి, వాటి విలువ పడిపోయినందుకు 24.5 కోట్ల డాలర్లు నష్టం రాసుకుంది. అంత పెద్ద కొనుగోలుదారే తప్పించుకోలేకపోయాడు.

ఇప్పుడు మీరేం చేయొచ్చంటే, కారు అమ్మే ఆలోచన లేకపోతే కాగితం మీద నష్టం గురించి రోజూ లెక్కేసుకోవద్దు, కారు మీకు నడిచే మైళ్లు అవే. కానీ లోన్ బాకీ కారు విలువ కంటే ఎక్కువుంటే మాత్రం గ్యాప్ ఇన్సూరెన్స్ ఉందో లేదో ఇవాళే చూసుకోండి, యాక్సిడెంట్‌లో కారు పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ వాళ్లు ఇచ్చేది ఇప్పటి రేటు, బ్యాంక్ అడిగేది పాత బాకీ. ఇంకా కొననివాళ్లకి నా మాట: ధరలు ఊగుతున్నప్పుడు లీజు గురించి కూడా ఆలోచించండి, చివర్లో కారు వెనక్కి ఇచ్చేస్తే విలువ పడిపోయిన భారం లీజు కంపెనీది. అలాగే డెలివరీలోపు రేటు తగ్గితే తగ్గిన రేటే వర్తిస్తుందా అని ముందే రాతపూర్వకంగా అడగండి, నోటిమాట పనికిరాదు.

ప్రశ్న: ఐదు సీట్ల క్రాసోవర్ కారా, ఎస్‌యూవీనా? ఏదైతే ఏంటి అసలు?

జవాబు: ఒకప్పుడు వేల డాలర్ల తేడా వచ్చింది. 2023 మొదట్లో 7,500 డాలర్ల క్రెడిట్‌కి అమెరికా ట్యాక్స్ డిపార్ట్‌మెంట్ ఐదు సీట్ల మోడల్ వైని మామూలు కారు కింద లెక్కేసి 55,000 డాలర్ల పరిమితి పెట్టింది, ఏడు సీట్లదైతే ఎస్‌యూవీ అని 80,000. పైన చెప్పిన 52,990 ఆ 55,000కి లోపే ఉందని గమనించే ఉంటారు. ఫిబ్రవరిలో రూల్ మార్చి రెండింటినీ ఎస్‌యూవీ చేశారు. ఆ క్రెడిట్ 2025 సెప్టెంబర్ 30తో అయిపోయింది, కాబట్టి ఇప్పుడు కొత్త కారు కొనేవాళ్లు ఈ విషయంలో బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

ప్రశ్న: చేతిలో ఉన్న డబ్బు ఒకదానికే సరిపోతుంది. కొత్త క్రాసోవర్ కొనాలా, అదే కంపెనీ షేర్లు కొనాలా? నాకు ఆ కారంటే పిచ్చి.

జవాబు: కారంటే పిచ్చి ఉంటే కారు కొనండి, ఆ పిచ్చితో షేర్ కొనొద్దు. ఫిస్కర్ కారు కూడా చాలామందికి నచ్చింది. 2019 మార్చి 14న 290కి టెస్లా షేర్ కొన్నవాళ్లు మూడు నెలలు తిరక్కుండా 179 చూశారు, డిసెంబర్ దాకా పట్టుకున్నవాళ్లకి 418 కనిపించింది. మధ్యలో అమ్మకుండా ఉండగలరా అని మిమ్మల్ని మీరు అడగండి, ఆ డబ్బు రెండేళ్లలో పిల్లల చదువుకో ఇంటికో కావాలంటే ఉండలేరు. కారు విషయానికొస్తే రోజుకి ఎన్ని మైళ్లు తిరుగుతారు, ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకోవచ్చా, ఈ రెండే చాలా వరకు తేల్చేస్తాయి. బుకింగ్ కట్టేముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఇంటి ప్యానెల్‌లో ఇంకో సర్క్యూట్‌కి చోటుందో లేదో చూపించుకోండి, ప్యానెల్ మార్చాల్సి వస్తే అది చిన్న ఖర్చు కాదు.