ఆయాసానికి ధ్రువపత్రం ఇస్తారా?

ప్రశ్న: మా వారు పోర్టులో క్రేన్ ఆపరేటరు. 2021 మే నెలలో కోవిడ్ సోకి పన్నెండు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు. ఇప్పటికీ క్రేన్ నిచ్చెన సగం ఎక్కేసరికి ఆయాసంతో ఆగిపోతున్నారు. చూపించిన చోటల్లా ‘ఎక్స్‌రే బాగానే ఉంది, మనసులో పెట్టుకోకండి’ అంటున్నారు. ప్రభుత్వం దీన్ని జబ్బుగా గుర్తించిందా? దివ్యాంగుల ధ్రువపత్రం వస్తుందా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: గుర్తించిందమ్మా. కోవిడ్ సోకాక సాధారణంగా మూడు నెలల్లోపు కనిపించి, కనీసం రెండు నెలలు కొనసాగుతూ, మరో జబ్బు కారణమని తేలని లక్షణాలను కోవిడ్ అనంతర స్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో నిర్వచించింది. అదే నెలలో మన కేంద్ర ఆరోగ్య శాఖ ఊపిరితిత్తులు, గుండె, మూత్రపిండాలు, నరాల సమస్యలకు జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసింది. అయితే అవి వైద్యులు ఏం చేయాలో చెప్పేవే. పని చేయలేకపోతున్న మనిషి జీతం సంగతి వాటిలో వెతకడం దండగ.

అమెరికాలో 2021 జులైలోనే, దైనందిన పనులకు తీవ్రంగా అడ్డుపడితే దీన్ని వైకల్యంగా పరిగణించవచ్చని ప్రభుత్వం ప్రకటించింది. మన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఇది లేదు. ఆ మాటకొస్తే ఊపిరితిత్తుల జబ్బేదీ ఆ జాబితాలో లేదు. కనుక కేవలం ఆయాసం ఆధారంగా ధ్రువపత్రం రాదు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఎక్స్‌రే బాగుందంటే ఆయాసం లేదని కాదు. కూర్చున్నప్పుడు మామూలుగా ఉన్న ఆక్సిజన్ నడిచినప్పుడు పడిపోవచ్చు. అందుకే విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో గానీ, ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రిలో గానీ ఆరు నిమిషాల నడక పరీక్ష చేయమని అడగండి. వేలికి ఆక్సిమీటరు పెట్టి, వరండాలో అటూ ఇటూ నడిపించి, ఎంత దూరం నడిచారో, ఆక్సిజన్ ఎంతకు దిగిందో చూస్తారు. ఖర్చేమీ లేని పరీక్ష ఇది. ఇంత చిన్నదాన్ని ఇన్నాళ్లూ ఎవరూ చేయించకపోవడమే విడ్డూరం.

వెళ్లేటప్పుడు 2021 నాటి డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లండి. కోవిడ్ అనంతర స్థితికి అంతర్జాతీయ వ్యాధుల పట్టికలో యూ09.9 అనే ప్రత్యేక సంకేతం ఉంది. వైద్యుడు ఆ నిర్ధారణకు వస్తే సంకేతంతో సహా ఓపీ చీటీలో రాయమని కోరండి. తేలికపాటి పనికి మార్చమని మీ వారు పెట్టుకునే అర్జీకి ఆ చీటీనీ, నడక పరీక్ష అంకెలనూ జతచేయండి.