డాక్టర్ సలహా: నోరు మూయలేని కుక్క నోట్లో చేయి పెట్టకండి

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మా రాజాకు నాలుగేళ్లు, నాటు కుక్క. మొన్నటిదాకా ఎగురుతూ తిరిగాడు. మూడు రోజుల కిందట ఉన్నట్టుండి తిండి మానేశాడు. నోరు తెరుచుకునే ఉంటోంది, చొంగ ధారగా కారుతోంది. అరుపు బొంగురుగా వస్తోంది. పగలంతా మంచం కింద చీకట్లోనే పడుకుంటున్నాడు. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని మా ఆయన నోట్లో చేయి పెట్టి వెతికారు. ఏమీ దొరకలేదు. పన్ను గీరుకుని వేలికి కొంచెం రక్తం వచ్చింది. నేను సిరంజితో గ్లూకోజు నీళ్లు పోస్తున్నాను, జ్వరమేమోనని పారాసిటమాల్ సగం మాత్ర నలిపి ఇచ్చాను. దవడ జారింది, పుత్తూరు కట్టు కట్టించమని పక్కింటివాళ్లు అంటున్నారు. సూదులు పిల్లగా ఉన్నప్పుడు వేయించాం, తర్వాత వేయించలేదు. రెండు నెలల కిందట మామిడితోపులో వీధికుక్కలతో కొట్లాడితే చెవి దగ్గర గాయమైంది, అది మానిపోయింది. మూడో తరగతి చదివే మా పాప అన్నం తినకుండా ఏడుస్తోంది. మాకూ నిద్ర లేదు. రాజాకు ఇంట్లో ఏం పెడితే బలం వస్తుంది? పాపకు ఏం చెప్పాలి?
– ఒక తల్లి, చిత్తూరు

సమాధానం: అమ్మా, బలానికి ఏం పెట్టాలన్నది తర్వాత చూద్దాం. ముందు మీ ఆయన వేలి సంగతి. ఇది చదవగానే ఆయన్ను సబ్బు పెట్టి, కుళాయి కింద పదిహేను నిమిషాలు ఆ వేలు కడుక్కోమనండి. గీరుకుని ఎన్నాళ్లో అయింది కదా, ఇప్పుడు కడిగి ఏం లాభం అనుకోవద్దు. కడిగాక అయోడిన్ మందు రాసి, కట్టు కట్టకుండా, ఈరోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లమనండి. అక్కడ "కుక్క కరిచింది" అని మాత్రమే చెబితే చాలదు. "కుక్క నోరు మూయలేకపోతోంది, చొంగ కారుతోంది, దానికి పిల్లప్పటి తర్వాత టీకా లేదు, పన్ను గీరుకుని రక్తం వచ్చింది" అని మొత్తం చెప్పాలి. రక్తం వచ్చిన గాయానికి రేబిస్ టీకా ఒక్కటే సరిపోదు, గాయంలోనూ, దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా వేయాల్సి ఉంటుంది. మొదటి టీకా పడిన ఏడు రోజుల్లోపే అది వేయాలి. ఎవరికి ఏది అవసరమో తేల్చాల్సింది అక్కడి డాక్టరే. చిత్తూరులో ఆ మందు లేదంటే తిరుపతి రుయా ఆసుపత్రికి వెళ్లండి, మళ్లీ రమ్మన్న రోజు దాకా ఆగవద్దు.

ఇప్పుడు రాజా సంగతి. కుక్కను చూడకుండా రోగం పేరు పెట్టడం తప్పు, నేను పెట్టను. కానీ మీరు రాసిన మాటలు వరసగా చదివితే ఏ పశువైద్యుడైనా ముందు రేబిస్‌నే అనుమానిస్తాడు. పిల్లప్పటి తర్వాత టీకా లేదు. వీధికుక్కలతో కొట్లాట, చెవి దగ్గర గాయం, ఆపైన రెండు నెలల గడువు. తర్వాత ఉన్నట్టుండి దవడ వేలాడిపోవడం, మింగలేకపోవడం, గొంతు మారడం, చీకట్లోకి దూరడం. పిచ్చి కుక్క అంటే ఊరంతా పరుగెత్తి కరుస్తుందనే అందరూ అనుకుంటారు. రేబిస్‌లో మూగ రూపం కూడా ఉంది. అందులో కుక్క సాధారణంగా కరవదు. దవడ, గొంతు కండరాలు పడిపోయి నోరు తెరుచుకుని కూర్చుంటుంది. చూసినవాళ్లకు జాలేస్తుంది, దగ్గరికి తీసుకుంటారు. అందుకే నాకు మూగ రూపమంటే ఎక్కువ భయం.

"నీళ్లు తాగడానికి వస్తోంది కాబట్టి రేబిస్ కాదు" అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ మాట నమ్మకండి. నీళ్లంటే భయం మనుషుల్లో కనిపించే లక్షణం. రేబిస్ వచ్చిన కుక్క నీళ్ల గిన్నె దగ్గరికి వెళ్తుంది, మూతి ముంచుతుంది కూడా. మింగలేదు, అంతే.

ఎముక విషయంలో మా దగ్గరికి వచ్చేవాళ్లను నేను ఎప్పుడూ కోప్పడుతుంటాను, మిమ్మల్నీ కోప్పడక తప్పదు. కుక్క నోరు మూయట్లేదంటే ఇంట్లో ముందుగా చేసే పని నోట్లో చేయి పెట్టడం. ఒకరు దవడలు విడదీసి పట్టుకుంటారు, ఇంకొకరు సెల్‌ఫోన్ లైటు వేస్తారు, మూడోవాళ్లు వేలితో గొంతు దాకా తడుముతారు. ఒక్క కుక్కకు ముగ్గురు! నిజంగా ఎముక ఇరుక్కుంటే కుక్క ఊరుకోదు. ముందుకాళ్లతో మూతి గీక్కుంటుంది, తల విదిలిస్తుంది, మాటిమాటికీ ఓకరిస్తుంది. అదీ ఏదో తిన్న కాసేపటికే మొదలవుతుంది. అప్పుడు కూడా చేయి పెట్టాల్సింది మీరు కాదు. మేము టీకా వేయించుకుని, గ్లవ్స్ వేసుకుని, అవసరమైతే మత్తు ఇచ్చి చూస్తాం. దవడ వేలాడుతూ, చొంగ కారుతూ, మూల నక్కి కూర్చున్న కుక్క నోరు ముట్టుకోనే వద్దు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకలకు పేరున్నదే కావచ్చు. ఇది ఎముక సంగతిలా లేదు. పైగా కట్టు కట్టించాలంటే రాజాను ఇంకో నలుగురు పట్టుకోవాలి, ఆ నలుగురూ టీకాలకు రావాలి.

రేబిస్ కాకపోవచ్చు కూడా. దవడను ఆడించే నరం రెండు వైపులా వాచి నోరు వేలాడే జబ్బు ఒకటుంది. అందులో కుక్క హుషారుగానే ఉంటుంది, చాలాసార్లు రెండు మూడు వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. కట్లపాము కరిచినా కుక్క రెప్పలు వాలిపోయి, మింగలేక చొంగ కారుస్తుంది, కాటు గుర్తు కూడా కనిపించకపోవచ్చు. కానీ అది గంటల్లో ముదిరే వ్యవహారం, మూడు రోజులు ఇలాగే నడవదు. తోపులో పురుగుమందు నాకి ఉంటే చొంగతో పాటు వణుకు, విరేచనాలు, కంటిపాపలు చుక్కల్లా చిన్నవి కావడం ఉంటాయి. పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో తిండి మానేయడం, నీరసం, చిగుళ్లు పాలిపోవడం చూస్తాం, దవడ మాత్రం సాధారణంగా పడిపోదు. వీటిలో చాలావాటికి మందుంది. కాబట్టి పశువైద్యుడు చూడాల్సిందే. ఏది కాదో తేలేవరకు మీరంతా అది రేబిసే అన్నట్టు జాగ్రత్తగా ఉండాలి.

ఎలా చూపించాలన్నది ముఖ్యం. మంచం కింద నుంచి లాగకండి. బైక్ మీద ఒడిలో పెట్టుకుని అసలు తీసుకురాకండి, మన దగ్గర అందరూ చేసే పని అదే. రాజా ఉన్న గదికి బయట గడియ పెట్టి, ముందు ఫోన్ చేయండి. దగ్గరి పశువుల ఆసుపత్రికి గానీ, పశు అంబులెన్స్ నంబరు 1962కు గానీ చేసి, వేలాడే దవడ సంగతి, పిల్లప్పటి తర్వాత టీకా వేయించని సంగతి ముందే చెప్పండి. వాళ్లు వస్తారా, మీరు తేవాలా, ఎలా తేవాలి అన్నది వాళ్లే చెబుతారు. పెద్ద పరీక్షలు కావాలంటే తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. అక్కడికీ చెప్పకుండా వెళ్లవద్దు, వరండాలో వేరే కుక్కలు, పిల్లలు ఉంటారు. బతికున్న కుక్కలో రేబిస్ కాదని పూర్తి భరోసా ఇచ్చే పరీక్ష లేదు. ఖాయంగా తేలేది చనిపోయాక మెదడు నమూనాలోనే. కాబట్టి "రిపోర్టు వచ్చాక సూదులు వేయించుకుందాం" అన్న మాట ఇంట్లో ఎవరన్నా ఒప్పుకోకండి.

సిరంజితో నీళ్లు పోయడం ఆపేయండి. మింగలేని కుక్కకు నోట్లో ఏం పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, న్యుమోనియా వస్తుంది. మీరు బలం అనుకుని పోసిన గ్లూకోజే ప్రాణం మీదికి తేవచ్చు. పారాసిటమాల్ కూడా ఇక వద్దు. కుక్క కాలేయానికి, రక్తానికి అది చేటు. ఎంత ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. అసలు జ్వరం ఉందని ఎలా అనుకున్నారు? ఒళ్లు వేడిగా తగిలిందనే కదా. కుక్క మామూలు వేడే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. ఇవన్నీ ప్రేమతో చేసిన పనులేనని తెలుసు. మొదటి రోజే ఒక్క ఫోన్ చేసి ఉంటే మీ ఆయన వేలు తెగేది కాదు.

ఇక మీరు అడగని లెక్క ఒకటి. లక్షణాలు బయటపడకముందు కొన్ని రోజుల నుంచే ఉమ్మిలో వైరస్ ఉండొచ్చు. కాబట్టి గత రెండు వారాల్లో రాజాను ముట్టుకున్నవాళ్ల పేర్లన్నీ కాగితం మీద రాయండి. పక్కింటివాళ్లు, ఆడుకోవడానికి వచ్చిన పిల్లలు, ఎవరైనా వచ్చి సూది వేసి ఉంటే వాళ్లు కూడా. ఒంటి మీద చేయి వేసినా, తెగని చర్మాన్ని నాకినా సాధారణంగా టీకా అవసరం పడదు. పన్ను గానీ గోరు గానీ గీరుకున్నా, పుండు మీద నాకినా, కంట్లోనో నోట్లోనో చొంగ పడినా డాక్టరుకు చూపించాలి. మీ చేతులు కూడా చూసుకోండి. గిన్నెలు తోమే చేతుల్లో పగుళ్లు, కూరగాయలు తరిగేటప్పుడు తెగిన గీతలు ఉంటూనే ఉంటాయి. సిరంజి పట్టుకున్నది మీరే కదా.

పాప దగ్గరికి వద్దాం. మీరు అడిగిన ఈ ప్రశ్నే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. రాజా ముఖం నాకాడా, ఎక్కడైనా గీరుకుందా అని పాపను అడగాలి, కానీ కోప్పడుతూ అడగకండి. సూది పడుతుందన్న భయంతోనో, రాజాను కొడతారన్న భయంతోనో పిల్లలు గీతలు దాచేస్తారు. స్నానం చేయించేటప్పుడు ముఖం, చేతులు, కాళ్లు మీరే మెల్లగా చూడండి. ఏ చిన్న గీత కనిపించినా, పెదవి మీద నాకాడని చెప్పినా పాపను కూడా మీ ఆయనతోనే పంపండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం పెద్దవాళ్లకు ఇంకా పోలేదు. ఆ పాత మందు తయారీని మన దేశంలో 2004లోనే ఆపేశారు. ఇప్పుడు వేసేది భుజానికి, చిన్న సూదితో. గర్భిణులకు, బాలింతలకు, చంటిపిల్లలకు, షుగరున్న పెద్దవాళ్లకు కూడా వేస్తారు. గాయం మీద సున్నం, కారం, ఆకుపసరు పెట్టనివ్వకండి. లక్షణాలు మొదలయ్యాక రేబిస్‌కు మా దగ్గరా, మనుషుల డాక్టర్ల దగ్గరా వైద్యం లేదు. ప్రపంచంలో రేబిస్ చావుల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చనిపోయేవాళ్లలో పిల్లలు చాలామంది.

పాపకు అబద్ధం చెప్పకండి. ఊరికి పంపించామనో, పారిపోయాడనో చెబితే రేపు వీధిలో ప్రతి కుక్కలో రాజాను వెతుకుతుంది, దొరికిన కుక్కను ముట్టుకుంటుంది. "రాజాకు పెద్ద జబ్బు చేసింది, వాడి చొంగ తగిలితే మనకూ వస్తుంది, అందుకే దూరం నుంచి చూడాలి, డాక్టరు వస్తున్నారు" అని ఉన్నదే చెప్పండి. కిటికీ బయట మీరు పక్కన నిలబడి, పాపను రాజాతో మాట్లాడనివ్వండి. ఏడిస్తే ఏడవనివ్వండి. తనవల్లే రాజాకు జబ్బు చేసిందేమోనని ఈ వయసు పిల్లలు లోలోపల అనుకుంటారు. కాదని మీరే ముందుగా చెప్పాలి.

రేబిస్ అయితే లక్షణాలు మొదలయ్యాక కుక్క పది రోజులు బతకడం అరుదు. బాధ లేకుండా ప్రాణం పోయేలా చేద్దామని డాక్టరు అంటే, ద్రోహం చేస్తున్నామని అనుకోకండి. మింగలేక, ఊపిరాడక పడే బాధ అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. చనిపోతే మీరు ఎత్తకండి, పశువుల ఆసుపత్రికి చెప్పండి. నమూనా తీయాలా, ఎక్కడ పూడ్చాలి అన్నది వాళ్లు చూస్తారు. పరుపు, గోనెసంచీ తగలబెట్టి, నేలను బ్లీచింగ్ పౌడరుతో కడగండి. ఇంట్లో ఆవులు, మేకలు ఉండి, రాజా వాటిని కరిచి ఉంటే వాటికీ టీకాలున్నాయి, అడగండి.

బతికి బట్టకట్టాడనుకోండి, నేను కోరుకునేది కూడా అదే, అప్పుడు టీకా పుస్తకం తీయండి. పిల్లగా ఉన్నప్పుడు వేసిన సూది నాలుగేళ్లు కాపాడుతుందని అనుకోకూడదు. మూడు నెలల వయసులో మొదటిది, డాక్టరు చెప్పిన గడువుకు బూస్టరు, ఆపైన ఏటా ఒకటి. ఏటా జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) సందర్భంగా పశువుల ఆసుపత్రుల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా వేస్తారు.

మీ ఆయనకు చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే టీకాలు మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు పడతాయి. కండకు వేసే పద్ధతిలో 14వ రోజు కూడా ఉంటుంది. ఆసుపత్రి చీటీ మీద రాసిన తేదీలను క్యాలెండరులో గుండ్రంగా చుట్టండి. ఆఖరి సూది నాటికి గాయం మాని ఉంటుంది, పొలం పనులు ఉంటాయి, చాలామంది దాన్ని ఎగ్గొడతారు. పన్ను గీరుకున్న రోజు నుంచి పది రోజులు గడిచాక కూడా రాజా పూర్తి ఆరోగ్యంగా తిరుగుతుంటే మిగతా సూదులు మార్చాలా, ఆపాలా అన్నది సూది వేసిన డాక్టరును అడిగే నిర్ణయించుకోండి. ఇంట్లో కూర్చుని నిర్ణయించకండి.