బిడ్డా, ఒకసారి మేడారం పోయి రా

బిడ్డా,

సమ్మక్క కథను పిల్లల బొమ్మల పుస్తకంగా తెస్తున్నావని, బొమ్మలన్నీ ఏఐతో వేయిస్తున్నావని మీ బాపు నిన్న ఫోన్‌లో చెప్పాడు. బొమ్మల పిచ్చి మన ఇంట్లో నాతోనే ఆగిపోయిందనుకున్నా. మీ పెద్దమ్మ ముందు కాసేపు మీసం తిప్పాను కూడా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మామూలు మాటలు ముందే చెప్పేస్తా. ఉద్యోగం మానకు. ప్రెస్ వాడికి డబ్బంతా ఒకేసారి ఇవ్వకు. అచ్చుకు పోయేముందు తెలుగు బాగా వచ్చినవాళ్లతో చదివించు. నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మలో బ్యానర్ మీద అక్షరాలు చూశావా? దూరం నుంచి తెలుగే. దగ్గరికి పోతే ఏ ఒత్తు ఏ అక్షరానిదో తెలియదు. ఇరవై ఏళ్లకు పైగా సైన్‌బోర్డులు రాసినవాణ్ని, కడుపు మండదా!

కానీ నా టెన్షన్ అక్షరాల గురించి కాదు. అమ్మ నెత్తిన పెట్టిన ఆ కిరీటం గురించి.

1988 జాతరకు ముందు ములుగు రోడ్డులో ఒక దుకాణం గోడ మీద సమ్మక్కను వేయమన్నారు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, చేయి తిరిగిందన్న పొగరు. మేడారం ఒక్కసారి కూడా పోలేదు. పోవడమెందుకు, క్యాలెండర్లలో అమ్మవార్లంతా నా తలలోనే ఉన్నారు కదా! ఒకరి కిరీటం, ఒకరి ముక్కుపుడక, ఇంకొకరి సింహం తీసుకుని మూడు రోజుల్లో దించేశా. ఎనామిల్ పెయింట్ తళతళలాడింది. దారిన పోయేవాళ్లు చెప్పులు విడిచి మొక్కుతుంటే ఎదురుగా చాయ్ తాగుతూ మురిసిపోయా.

నాలుగో రోజు తాడ్వాయి దిక్కు నుంచి చీపుర్లు అమ్మడానికి వచ్చిన ఒక కోయ ముసలాయన గోడ ముందు ఆగాడు. చాలాసేపు చూసి, "ఈ అమ్మ ఎవరయ్యా?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు. సమ్మక్క అన్నా. "మా తల్లికి బొమ్మ ఎక్కడిది? చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె అయి వస్తది" అన్నాడు. నేనేదో వాదించబోతే, చీపుర్ల మోపు ఎత్తుకుని పోయాడు.

సిగ్గుతోనే ఆ జాతరకు పోయా. గద్దెల మీద విగ్రహాల్లేవు, వెదురు ఉంది. బుధవారం కన్నెపల్లిలో, సారలమ్మను తెచ్చే పూజారులు తమ మీదుగా నడిచి పోవాలని తడిబట్టలతో నేల మీద బోర్లా పడుకున్న ఆడవాళ్లను చూశా. లేచాక ఒకామె వీపు మీద బురద పాదం అచ్చు. ఆమె దాన్ని తుడుచుకోలేదు. అలాంటిది ఏ క్యాలెండర్‌లో ఉంది?

తిరిగొచ్చి గోడకు సున్నం కొట్టి ఆ పాదం అచ్చు, భరిణె, వెదురు వేశా. "దేవుడేడి?" అని దుకాణమాయన సగం డబ్బు కోశాడు. అది వేరే సంగతి.

నీ యంత్రం కూడా నాలాగే చేసింది. లెక్కలేనన్ని బొమ్మలు చూసి, దేవత అంటే కిరీటమే అనుకుంది. దాన్ని తిట్టను. ఫ్లెక్సీలొచ్చి నా కుంచెలు అటకెక్కినప్పుడు తిట్టాల్సినవన్నీ తిట్టేశా. ఏఐ మానేయమని కూడా అనను. కానీ నా గోడ ముందు ఆగి అడగడానికి ఒక ముసలాయన ఉన్నాడు. హైదరాబాద్‌లో గది తలుపేసుకుని కూర్చుంటే నిన్ను ఎవరడుగుతారు బిడ్డా? పుస్తకం అచ్చయి, ఆ ఊరి పిల్ల చేతికే పోయి, "ఈ అమ్మ ఎవరు?" అంటే? నాకైతే సున్నంతో పోయింది.

రెండు రోజులు సెలవు పెట్టి రా. హనుమకొండ నుంచి వంద కిలోమీటర్లే. జాతర లేనప్పుడే గద్దెలు నిదానంగా చూడొచ్చు. కోపం తెచ్చుకోకు, చేతకాక చెప్తున్నాననుకోకు. నీ చిన్నప్పటి గీతలు మీ పెద్దమ్మ ఇప్పటికీ బియ్యం డబ్బా మూత కింద దాచింది.

ఇంకో పని కూడా ఉంది. నువ్వు పుట్టగానే కామెర్లొస్తే మీ నానమ్మ నిలువెత్తు బంగారం, అంటే నీ బరువంత బెల్లం, మొక్కింది. అప్పుడు నువ్వు రెండున్నర కిలోలు. మీ బాపు వాయిదాల మీద వాయిదాలు వేశాడు. ఇప్పుడు ఎన్ని కిలోల బెల్లం కావాలో చూసుకుని ఫోన్ చెయ్, ముందే తెచ్చి పెడతా.

నీ పెద్దబాపు