ప్రభుత్వ స్థలాన్ని బాగుచేసి అందరికీ తెరిస్తే, సైకిళ్లవాళ్లకీ నడిచేవాళ్లకీ గొడవలు రాకుండా ఎలా చూడాలి?

మీరు గొడవల గురించి అడిగారు, నేను వాననీళ్ల గురించి చెప్తా. ఏమనుకోకండి.

మేం కొంతమందిమి కలిసి ఓ పాత క్వారీ పక్క వాలు మీద చెత్త ఎత్తి, ముళ్లపొదలు కొట్టాం. అక్కడ ఎప్పటినుంచో నిటారుగా పైకి పోయే దారి ఒకటుంది, మోకాలి లోతున కోసుకుపోయింది. సైకిల్ టైర్ల వల్లే అని నడిచేవాళ్లు, వీళ్లు బురద తప్పించుకుంటూ పక్కనుంచి నడిచి దారిని వెడల్పు చేస్తున్నారని సైకిళ్లవాళ్లు. ఏ మీటింగు పెట్టినా ఇదే గోల, ‘సైకిళ్లకు ప్రవేశం లేదు’ బోర్డుకు కూడా ఆర్డరివ్వబోయారు. అప్పుడు మాలో ఒక పెద్దాయన జోరువానలో రెండు పక్షాలనూ గొడుగులతో అక్కడికి లాక్కెళ్లాడు. ఆ దారంతా ఎర్రనీళ్లు కాలువలా దూకుతున్నాయి. పైన బండరాళ్ల మధ్య, సైకిల్ ఎక్కడానికి వీల్లేని చోట కూడా అంతే లోతు గండి! అయినా ఒకాయన ‘టైర్ల పాత్ర కూడా ఉంటుందిలెండి’ అని గొణుగుతూనే ఉన్నాడు.

ఆ దారి మూసి, వాలుకు అడ్డంగా కొత్తది తవ్వాం. లెక్క తేలికే: దారి ఏటవాలు కొండ ఏటవాలులో సగం దాటకూడదు. కొండ వంద అడుగులకు 16 అడుగులు దిగుతుంటే దారి 8కి మించి ఎక్కకూడదు. బయటి అంచు కాస్త కిందికి వంచితే నీళ్లు దారివెంట పరిగెత్తకుండా పక్కకు జారిపోతాయి. రెండు పక్షాలూ కలిసి పార పట్టాయి కాబట్టి గొడవ సగం అక్కడే చచ్చింది.

అందరిదీ అయితే పాడవుతుందని గారెట్ హార్డిన్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త 1968లో రాసింది పట్టుకుని ఇప్పటికీ కంచె వేయమనేవాళ్లున్నారు. వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని ఉమ్మడి వనరులను కాపాడుకున్న చోట్లను ఏళ్లతరబడి చూసిన ఎలినార్ ఆస్ట్రోమ్ అనే పరిశోధకురాలికి 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది, ఆ సంగతి వీళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇంకోటి, ఫొటోల కోసం మొక్కలు నాటేవాళ్లను దూరం పెట్టండి. పలచటి మట్టి ఉన్న వాలుకు గడ్డే మేలు, అది మట్టిని పట్టుకుంటుంది. నాటినవాళ్లు ఎండాకాలంలో నీళ్లు పోయడానికి రారు.

మీ ప్రశ్నకొస్తే, సైకిల్ ఆగాలి, నడిచేవాళ్లు ముందు వెళ్లాలి, అంతే నియమం. మలుపుల దగ్గర పొదలు మాత్రం కొట్టేయండి, ఎదురొచ్చేవాళ్లు ముందే కనపడాలి. మా దగ్గర ఒక మలుపు అలాగే వదిలేశారు, తిట్లు ఇప్పటికీ అక్కడినుంచే వినిపిస్తాయి.